పేరు కలిస్తే చాలదు
జార్జి వాషింగ్టన్ ముత్తాత ఊరు వెతికిన కథ

(మన సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టువారు నకారా కేసులో పెన్షను భిక్ష కాదు, హక్కు అని తీర్పు చెప్పారు. ఆ రోజునే మనం ఏటా ఇలా కలుసుకుంటున్నాం. ఈ వేదిక మీద సాధారణంగా కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నాతో, “ఆ సంగతులు చెప్పడానికి నలుగురున్నారు. మీరు అమెరికా వెళ్ళొచ్చారు గదా, ఆ కబుర్లు చెప్పండి” అన్నారు. సరేనన్నాను. అయితే నేను చెప్పబోయేది నయాగరా జలపాతం గురించి కాదు. ఒక రికార్డు రూము కథ. ముప్ఫయ్యారేళ్ళు కాగితాల మధ్య బతికినవాడికి ఎక్కడికి పోయినా అవే కనిపిస్తాయి.

మా అబ్బాయి కుటుంబం వర్జీనియా రాష్ట్రంలో ఉంటుంది. 2019లో నేనూ మా ఆవిడా వెళ్ళి కొన్ని నెలలున్నాం. ఒకరోజు మా మనవరాలు బడినుంచి ఒక కాగితం తెచ్చింది. దాని మీద చెట్టు బొమ్మ. కొమ్మకొమ్మకూ ఒక ఖాళీ గడి. తన పేరు, అమ్మానాన్నల పేర్లు, తాతల పేర్లు, వాళ్ళ తాతల పేర్లు, వాళ్ళ ఊళ్ళు నింపాలట. “తాతయ్యా, మనది ఏ ఊరు?” అని అడిగింది.

ఏ ఊరని చెప్పను? నేను పుట్టిన ఊరు ఒకటి, మా నాన్నగారు పుట్టింది ఇంకొకటి. మా ఇంటిపేరు మూడో ఊరిది. ఆ ఊళ్ళో మావాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో నాకే తెలియదు. తద్దినాలప్పుడు మూడు తరాల పేర్లు చెబుతాం: తండ్రి, తాత, ముత్తాత. అక్కడితో సరి. నాలుగో గడి దగ్గర నా కలం ఆగిపోయింది.

ఆ ఆదివారమే మా అబ్బాయి మమ్మల్ని మౌంట్ వెర్నన్ తీసుకువెళ్ళాడు. అది అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇల్లు, పోటోమాక్ నది ఒడ్డున ఉంది. అక్కడ ఆయన వంశం గురించి విన్న నాలుగు మాటలు నన్ను పట్టుకున్నాయి. తర్వాత లైబ్రరీకి పోయి, మిగిలినన్నాళ్ళూ దాని మీదే కూర్చున్నాను. అంతటి మహానుభావుడికి కూడా ముత్తాతను దాటి ఏమీ తెలియదు!

కథ మొదటినుంచీ చెబుతాను.

జార్జి ముత్తాత పేరు జాన్ వాషింగ్టన్. ఇంగ్లండునుంచి పొగాకు వ్యాపారం చేసే ‘సీ హార్స్’ అనే ఓడలో ఉద్యోగిగా వర్జీనియా వచ్చాడు. 1657 మొదట్లో తిరిగిపోబోతూ ఆ ఓడ పోటోమాక్ నదిలో ఇసుకమేట మీదికెక్కింది. ఆ ఆలస్యంలో జాన్‌కు ఓడ యజమానితో జీతం తగాదా వచ్చింది. నథానియేల్ పోప్ అనే స్థానిక భూస్వామి అతనికి అండగా నిలిచాడు. జాన్ అక్కడే ఉండిపోయి, పోప్ కూతురు ఆన్‌ను 1658లో పెళ్ళాడాడు. తర్వాత అతని తమ్ముడు లారెన్సు కూడా వచ్చి చేరాడు. జాన్ కొడుకు ఇంకో లారెన్సు, అతని కొడుకు ఆగస్టీన్, అతని కొడుకు జార్జి. మనలో తాత పేరు మనవడికి పెట్టినట్టే వాళ్ళకూ ఈ ‘లారెన్సు’ పిచ్చి ఉంది. చిక్కంతా దానితోనే వచ్చింది. కాస్త ఓపిక పట్టండి.

జార్జి వాషింగ్టన్ 1789లో అధ్యక్షుడయ్యాడు. లండన్‌లో వంశవృక్షాలు, కులచిహ్నాలు చూసే ఒక పురాతన ఆఫీసు ఉంది. దాని పెద్ద సర్ ఐజాక్ హర్డ్. ఆయన 1791 డిసెంబరులో, తమ పూర్వీకులెవరో తెలపవలసిందని అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. 1792 మేలో వాషింగ్టన్ జవాబిచ్చాడు. ఈ విషయం మీద తానెప్పుడూ పెద్దగా దృష్టి పెట్టలేదనీ, తీరిక లేని జీవితమనీ ఒప్పుకున్నాడు. తమవాళ్ళు ఇంగ్లండు ఉత్తరపు జిల్లాలనుంచి, లాంకషైరో యార్క్‌షైరో ఇంకా పైనో, వచ్చారని ఇంట్లో అనుకునేవారని రాశాడు. అంతే. రాజుతో యుద్ధం చేసి గెలిచినవాడు కూడా నాలుగో గడి దగ్గర నాలాగే ఆగిపోయాడు.

హర్డ్‌గారు తన పుస్తకాలు తిరగేశాడు. నార్తాంప్టన్‌షైరులో సల్‌గ్రేవ్ అనే ఊళ్ళో ఒక వాషింగ్టన్ కుటుంబం ఉండేది. ఉన్ని వ్యాపారం చేసి నార్తాంప్టన్ పట్టణానికి మేయరైన లారెన్సు వాషింగ్టన్ 1539లో ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర ఆ ఎస్టేటు కొన్నాడు. అతని మనవడు మరో లారెన్సు, 1616లో చనిపోయాడు. ఆ మనవడి కొడుకుల్లో ఒక జాన్ ఉన్నాడు, ఒక లారెన్సు ఉన్నాడు. వర్జీనియా వెళ్ళిన అన్నదమ్ములు కూడా జాన్, లారెన్సు. ఇంకేం కావాలి? పేర్లు కలిశాయి, శతాబ్దం కలిసింది. హర్డ్ గీత గీసి కలిపేశాడు. నార్తాంప్టన్‌షైరు చరిత్ర రాసినాయన దాన్ని అచ్చువేశాడు. వాషింగ్టన్ జీవితచరిత్ర రాసిన జారెడ్ స్పార్క్స్ దాన్నే తీసుకున్నాడు. ఒక ఫైలులో నోట్‌ను చూసి ఇంకో ఫైలులో నోట్ పెట్టడం మనకు తెలియని విద్య కాదు గదా!

ఇలా డెబ్భయ్యేళ్ళకు పైగా గడిచింది. అప్పుడు ఒకాయన పుట్టుతేదీలు సరిచూశాడు.

ఆయన పేరు జోసెఫ్ లెమ్యుయెల్ చెస్టర్. అమెరికావాడు. 1858నుంచి లండన్‌లో ఉండి, చర్చి రిజిస్టర్లు, వీలునామాలు నకళ్ళు రాసుకోవడమే పనిగా పెట్టుకున్నాడు. 1866లో ఆయన అచ్చువేయించిన వ్యాసంతో హర్డ్ గీసిన గీత చెరిగిపోయింది. ఎలాగంటారా? సల్‌గ్రేవ్ జాన్‌కు 1623లోనే ‘సర్’ బిరుదు వచ్చింది. అంటే ముప్ఫయ్యేళ్ళ తర్వాత అతను ఓడలో చిన్న ఉద్యోగానికి చేరినట్టా? వర్జీనియా కాగితాల్లో జాన్‌ను ఎవరూ ఎక్కడా ‘సర్’ అనలేదు. భార్యల పేర్లు కలవలేదు. ఇక సల్‌గ్రేవ్ లారెన్సు ఆక్స్‌ఫర్డులో చదివి చర్చి పాస్టరైనవాడు, వర్జీనియాలో పొలం చేసుకున్న లారెన్సు కాడు. రిటైరైన డిప్యూటీ కలెక్టరుగారు మళ్ళీ జూనియర్ అసిస్టెంటుగా చేరారంటే మనం నమ్ముతామా? అలాంటిదే ఇదీ.

తప్పు తేలింది. మరి ఒప్పేది? చెస్టర్ 1882లో కన్నుమూసేదాకా వెతుకుతూనే ఉన్నాడు. దొరకలేదు.

ఇక్కడ కాసేపు కథ ఆపి, నా సొంత తప్పొకటి ఈ సభలో ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

1984లో నేను ఒక ఆఫీసులో పెన్షను సీటు చూసేవాణ్ణి. సర్వీసులో ఉండగా ఒక అటెండరు చనిపోయాడు. కుటుంబ పెన్షను ప్రతిపాదనలు నేను తయారుచేశాను. మా శాఖలో అదే ఇంటిపేరు, అదే పేరు గల అటెండరు మరొకడున్నాడు. నేను సర్వీసు పుస్తకం తెప్పించాను. అట్ట మీద పేరు చూశాను. కలిసింది. లోపలి నామినేషన్ చూసి భార్య పేరు రాసి పంపేశాను. అది రెండోవాడి పుస్తకం.

మంజూరు కాగితం ఇంకొకావిడ పేరున వచ్చింది. అసలామె చేతిసంచీ పట్టుకుని నా టేబులు ముందు నిలబడి, “బాబూ, మీ కాగితాల్లో మా ఆయన ఉన్నాడంట, నేను లేనంట. మరి ఇద్దరు పిల్లల్ని కన్నది ఎవరయ్యా?” అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. ఆమెకు చదువు లేదు. తన పెళ్ళి జరిగిందని తానే సాక్ష్యం చెప్పుకోవలసి వచ్చింది. అది సరిచేయించడానికి పదకొండు నెలలు పట్టింది. పదకొండు నెలలు ఆమె ఇల్లు ఎలా గడిచిందో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. సర్వీసు పుస్తకం మొదటి పేజీలో తండ్రి పేరుంటుంది, సొంత ఊరుంటుంది, పుట్టుమచ్చలుంటాయి. అవన్నీ చూడమనే పెట్టారు. నేను పేరొక్కటే చూశాను. లండన్‌లో సర్ ఐజాక్ హర్డ్ చేసిందీ అదే. ఆయన తప్పు పుస్తకాల్లోకెక్కింది, నా తప్పు ఒక ఇంటి పొయ్యి మీదికెక్కింది. తేడా అంతే.

ఇప్పుడు మళ్ళీ కథలోకి వద్దాం.

చెస్టర్ పోయిన మరుసటి సంవత్సరం, 1883లో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలం ఊరివాడు హెన్రీ ఫిట్జ్‌గిల్బర్ట్ వాటర్స్‌ను బోస్టన్‌లోని ఒక వంశచరిత్ర సంఘంవారు లండన్ పంపారు. ఒకప్పుడు బడిపంతులు. సోమర్‌సెట్ హౌస్ అనే పెద్ద భవనంలో ఇంగ్లండు వీలునామాల రికార్డులుండేవి. ఆయన అక్కడ కూర్చుని, ఏదో ఒక పేరు కోసం కాకుండా, పద్దు తర్వాత పద్దుగా చదువుకుంటూ పోయాడు. అమెరికా మాట ఎక్కడ కనబడితే అక్కడ రాసుకున్నాడు.

అలా 1677 మే నెల పద్దుల్లో ఒకటి కనిపించింది. బెడ్‌ఫర్డ్ జిల్లా లూటన్ పట్టణంలో ఉండి, తర్వాత వర్జీనియాలో చనిపోయిన లారెన్సు వాషింగ్టన్ ఆస్తి వ్యవహారం చూడడానికి అతని అప్పులవాడికి అధికారం ఇచ్చినట్టు అందులో ఉంది. వీలునామా తేలనప్పుడు కోర్టువారిచ్చే అధికార పత్రమన్నమాట. ఆ పద్దు రాసిన గుమాస్తా ఎవరో మనకు తెలియదు. పేరు, ఊరు, చనిపోయిన చోటు, మూడూ రాశాడు. ‘వర్జీనియాలో’ అన్న మాట దండగనుకుని వదిలేసి ఉంటే ఏమయ్యేది? ఆ ఒక్క మాటతో సముద్రానికి ఈ ఒడ్డు, ఆ ఒడ్డు కలిశాయి. మన భాషలో చెప్పాలంటే ఆ కాగితం ‘ఆర్.డిస్’ అయి శాశ్వతంగా భద్రపడింది. మనలో ఎంతమందిమి బస్తాల దుమ్ములో ఊపిరాడక, ఇవన్నీ ఎవడికి కావాలని విసుక్కోలేదు?

లూటన్‌కు దగ్గరలోనే హెర్ట్‌ఫర్డ్‌షైరులో ట్రింగ్ అనే ఊరుంది. ఆ ఊరివాడు ఆండ్రూ నోలింగ్ రాసిన వీలునామా ఒకటి వాటర్స్‌కు దొరికింది. 1650 ప్రాంతపుది. అందులో ఆయన తన భూములు లారెన్సు వాషింగ్టన్ అనే కుర్రవాడికి రాశాడు. ఆ కుర్రవాడి తల్లి ఆంఫిలిస్ వాషింగ్టన్‌నూ, మిగతా పిల్లలనూ కూడా పేర్లతో చెప్పాడు: జాన్, విలియం, ఎలిజబెత్, మార్గరెట్, మార్తా. ఆంఫిలిస్ ఈయన భార్యకు ముందటి పెళ్ళివల్ల కలిగిన కూతురు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు అలాంటి కూతుర్ని, కొడుకు భార్యను ఒకే మాటతో పిలిచేవారు. వీలునామాలో ఆ మాటే ఉంది. ఇప్పటి అర్థంలో చదివితే ఆమె కోడలైపోతుంది, వంశం ఇంకోదారి పడుతుంది. మేనత్తకూ పినతల్లికీ వేరువేరు మాటలున్న మనం ఎంత అదృష్టవంతులమో చూడండి.

ఆంఫిలిస్ చనిపోయాక ఆమె ఆస్తికి అధికార పత్రం కొడుకు జాన్ వాషింగ్టన్‌కు ఇచ్చారు. పద్దులో తేదీ 1655 ఫిబ్రవరి 8. మన లెక్కకు అది 1656. ఎందుకంటే 1752కు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి నెలలు పాత సంవత్సరంలోకే పోయేవి. జార్జి వాషింగ్టన్ పుట్టిన రోజే పాత పంచాంగంలో 1731 ఫిబ్రవరి 11, కొత్తదానిలో 1732 ఫిబ్రవరి 22. సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ తేడా వచ్చిందని తిరిగిన మిత్రులు ఇక్కడున్నారు. వారు ఊరడిల్లవచ్చు. ఇప్పుడు చూడండి. 1656 ఫిబ్రవరిలో జాన్ తల్లి వ్యవహారాలు తేల్చుకున్నాడు. మరుసటి సంవత్సరం మొదట్లో వర్జీనియా నదిలో ఓడ మీద ఉన్నాడు. తేదీలు అతికాయి.

మరి తండ్రి ఎవరు? ఇక్కడే విచిత్రం. తండ్రి పేరు లారెన్సు వాషింగ్టన్, చర్చి పాస్టరు. సల్‌గ్రేవ్‌వాడే! హర్డ్‌గారు వలస వెళ్ళిన తమ్ముడనుకున్న ఆ లారెన్సే నిజానికి ఆ అన్నదమ్ములిద్దరికీ తండ్రి. అంటే హర్డ్ ఇల్లు సరిగ్గానే చూపించాడు, ఒక తరం మింగేశాడు. చెస్టర్ ఆ మనిషి కాడని సరిగ్గానే చెప్పాడు, ఆ మనిషి కొడుకులదాకా చేరలేకపోయాడు. వాటర్స్ ఇదంతా 1889 అక్టోబరులో ప్రకటించాడు. జార్జి జవాబు రాసిన తొంభై ఏడేళ్ళకు, ఆయన చనిపోయిన తొంభయ్యేళ్ళకు, ముత్తాతకు అమ్మానాన్నలు దొరికారు.

ఆ తండ్రి బతుకు చూస్తే జాలేస్తుంది. ఆక్స్‌ఫర్డులోని బ్రేజ్‌నోజ్ కాలేజీలో ఫెలోగా గౌరవంగా ఉన్నవాడు. తర్వాత ఎసెక్స్ జిల్లా పర్లీ గ్రామం చర్చికి పాస్టరయ్యాడు. రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం వచ్చింది. ఈయన రాజు పక్షం. 1643లో ఉద్యోగం తీసేశారు. ఎప్పుడూ సారాకొట్లో ఉంటాడని అభియోగం రాసి, అలాంటి పాస్టర్ల జాబితాలో పేరు అచ్చువేశారు. ఆయన నెమ్మదస్తుడని, మితంగా ఉండేవాడని ఎరిగినవారు చెప్పిన మాట తర్వాతి పుస్తకాల్లో ఉంది. భార్యాపిల్లలు ట్రింగ్‌లో నోలింగ్ నీడన బతికారు. ఆయన 1653 జనవరిలో పోయాడు, మాల్డన్‌లో ఖననం చేశారు. సస్పెండైన ఉద్యోగి కుటుంబం ఎలా చెట్టుకొకరు పుట్టకొకరవుతారో మనకు తెలుసు. ఆ పెద్ద కొడుకే ఓడెక్కాడు. ఆ మనవడి కొడుకే రాజు పెత్తనం వదిలించుకున్న దేశానికి అధ్యక్షుడయ్యాడు.

ఇక్కడ కూడా పేర్లు కలవడమే కదా, హర్డ్ చేసిన తప్పే ఇదీ కాకూడదా అని మీరడగవచ్చు. మంచి ప్రశ్న. వర్జీనియాలో జాన్ 1675లో రాసిన వీలునామాలో చెల్లెలు మార్తా పేరుంది. ఆ మార్తా కూడా వర్జీనియా వచ్చి, 1697లో తన వీలునామా రాసింది. ఇంగ్లండులో ఉన్న అక్క ఎలిజబెత్‌కు, ఇంకో అక్క మార్గరెట్‌కు ఇంతింత పొగాకు ఇమ్మంది. నోలింగ్ వీలునామాతో సరిపోల్చండి. జాన్, లారెన్సు, ఎలిజబెత్, మార్గరెట్, మార్తా. ఒక పేరు కలిస్తే అది కాకతాళీయం. అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ అంతా కలిస్తే అది ఇల్లు. అన్నల వెనక ఎవరికీ పట్టని ఆ ఆడపడుచు, అక్కలను మరవకుండా పంపిన నాలుగు మూటల పొగాకు ఇంతపని చేసింది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఉత్తరపు జిల్లాలనుంచి వచ్చామని జార్జి ఇంట్లో అనుకునేవారన్నాను గదా. ముత్తాత ఉన్నది దక్షిణాన. మరి ఆ మాట అబద్ధమా? కాదు. సల్‌గ్రేవ్ కొన్న ఉన్ని వ్యాపారి లాంకషైరులోని వార్టన్ అనే ఊరినుంచి వచ్చినవాడు. అంతకుముందు, 1183 ప్రాంతంలో, ఇంకా ఉత్తరాన డరహంలోని వాషింగ్టన్ అనే గ్రామం ఆ వంశానికి ఇంటిపేరిచ్చింది. మన ఇంటిపేర్లలాగే అదీ ఊరిపేరే. ఇంట్లో పెద్దలు చెప్పుకునే మాట ఊరికే పోదు. తరం తప్పుతుంది, జిల్లా తప్పుతుంది, లోపల ఒక గింజ ఉంటుంది. దాన్ని నమ్మి కూర్చోకూడదు, పారేయనూ కూడదు.

సోదరులారా, నేను కోరేవి రెండే.

ఒకటి. ఇంటికి వెళ్ళగానే పెన్షను మంజూరు పత్రం బయటికి తీయండి. అందులో మీ భార్య లేక భర్త పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో, ఆధార్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే మీరుండగానే సరిచేయించండి. మీరు లేని రోజున ఆమె సంచీ పట్టుకుని ఎవరి టేబులు ముందూ నిలబడకూడదు.

రెండు. ఒక తెల్లకాగితం తీసుకుని మీకు తెలిసినంతవరకు తాతముత్తాతల పేర్లు, ఊళ్ళు, ఆడపడుచుల పేర్లు, వాళ్ళ అత్తవారి ఊళ్ళు రాయండి. ఆడపిల్లల పేర్లు మాత్రం వదలకండి. కళ్ళారా చూసిందేది, విన్నదేది అన్నది పక్కన గుర్తుపెట్టండి. తెలియని గడి ఖాళీగా వదిలేయండి. గొప్పవాళ్ళను తెచ్చి అందులో కూర్చోబెట్టకండి.

మా మనవరాలి చెట్టులో నాలుగో గడి ఖాళీగానే పోయింది. “టీచరు మార్కులు తగ్గిస్తుందేమో తాతయ్యా” అంది. “తగ్గించనీ తల్లీ, తప్పు రాయడంకన్నా నయం” అన్నాను. ఆ గడి కింద పెన్సిలుతో మా ఇంటిపేరు గల ఊరి పేరు మాత్రం రాయించాను, పక్కన ‘పెద్దలు చెప్పిన మాట’ అని. ఎప్పుడో ఎవరో ఒక వాటర్స్ రాకపోడు.